ఊజీ ఈగ

పట్టుపురుగు దేహమున పరాన్నజీవియై పెరిగి రైతు పంటను హరించు ఈగ. దీని శాస్త్రనామము ఎగ్జోరిస్టా బాంబిసిస్. వంగదేశమున చిరకాలముగా నున్న యీ కీటకము, 1980లో అచటినుండి తెచ్చిన పట్టుగూళ్ళతోపాటు కర్ణాటకమున ప్రవేశించి, పిమ్మట పొరుగు మల్బరీ సీమలకును వ్యాపించెను. కన్నడదేశము నానుకొనియున్న పెద్దతిప్పసముద్రము, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములకు రాష్ట్రపు టెల్ల రక్ష కాజాలదుగదా!

ఇంటి ఈగకంటె పెద్దదగు ఆడు ఈగ ఒక్కొక్క పట్టుపురుగుపై ఒకటి రెండు తెల్లని గ్రుడ్ల నంటించి పోవును. రెండు మూడు దినములలో వెలువడిన క్రిమి చర్మమును తొలిచికొని లోనికి చొరగా, ఆ చోట నల్లని మచ్చ యేర్పడును. రైతు కంటబడు ఆనవాలు ఇదియే. అప్పటికి ఆ పురుగు విషయమున చేయదగినది లేదు. ముందుగా సోకిన పురుగు గూడల్లకమునుపే చచ్చును. ఆలస్యముగా సోకినది గూడల్లినను, క్రిమి దానిని రంధ్రించుకొని వెలికి వచ్చుటచే దారము తెగి, ఆ గూడు నూలు తీయుటకు పనికిరాకపోవును.

వెలువడిన క్రిమి వెలుతురును రోసి, పెంపకపుటింటి నేల పగుళ్ళలోను గోడ నెఱ్ఱెలలోను దూరి, ప్యూపాగా మారి, పది పండ్రెండు దినములకు ఈగయై లేచును. పెంపకము నివాసగృహముననే సాగిన పల్లెలలో శత్రువునకు ఆశ్రయమిచ్చినది రైతు నిద్రించు మట్టినేలయే!

పగుళ్ళు పూడ్చుట, కిటికీలకు వల బిగించుట, ఈగ ప్యూపాలలో గ్రుడ్లు పెట్టి వానిని నశింపజేయు నెసోలింక్స్ థైమస్ అను సూక్ష్మకీటకమును విడుచుట నివారణోపాయములు.