కమలాదేవి మంతపురి బిడ్డ

ఆలేరులో ఎవరు ఫ్లెక్సీ కట్టినా ఆరుట్ల కమలాదేవి బొమ్మ కింద ‘కొలనుపాక ముద్దుబిడ్డ’ అనే రాస్తున్నారు. ఆమె మీద వ్యాసాలు రాసిన పెద్దలదీ అదే వరస. మంతపురి వాళ్లం దీన్ని ఒప్పుకోం. 1920లో ఆమె పుట్టింది మా ఊళ్లో. తల్లిదండ్రులు పెట్టిన పేరు రుక్మిణి. కొలనుపాక ఆమె అత్తగారి ఊరు. ఆరుట్ల రామచంద్రారెడ్డి ఇంట అడుగుపెట్టాక ఇంటిపేరుతో పాటు సొంత పేరూ మారింది. కమలాదేవి అని అడిగితే ఎవరైనా కొలనుపాక తోవే చూపిస్తారు. రుక్మిణి అని అడగాలని రాసేవాళ్లకు తోచలేదు.

కొలనుపాక మిత్రుల వాదన నేను ఎరగనిది కాదు. ఆంధ్ర మహాసభ, తెలంగాణ సాయుధ పోరాటం, అన్నీ ఆ ఇంటి కోడలయ్యాకే కదా అంటారు. నిజమే. అంతమాత్రాన తల్లిగారి ఊరు చెరిగిపోతుందా? వాళ్లకు జైన మందిరం ఉంది, సోమేశ్వరాలయం ఉంది, ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు వస్తారు. మేం చెప్పుకునేది ఈ ఒక్క పేరే.

ఇంకో అన్యాయం ఇంతకన్నా పెద్దది. రాసినవాళ్లంతా దళం, తుపాకి దగ్గరే ఆగిపోయి, శాసనసభలో ఆమె గడిపిన పదిహేనేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. మరుసటి ఏడే హైదరాబాద్ రాష్ట్రంలో ఎన్నికలు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో ఆ పార్టీ వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. నిన్నటిదాకా సర్కారు వెంటాడిన మనిషికి ఆలేరు ఓటేసింది. 1957లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, మళ్లీ గెలిపించింది. 1962లో మూడోసారి. అప్పుడు పక్కనున్న భువనగిరి నుంచి రామచంద్రారెడ్డి కూడా గెలవడంతో ఆలుమగలిద్దరూ ఒకే సభలో కూర్చున్నారు. ఇది ఏ జిల్లాకైనా గొప్ప సంగతే. మన పిల్లలకు మాత్రం తెలియదు.

అందుకే 2014లో గొంగిడి సునీత గెలిచినప్పుడు ఆలేరుకు తొలి మహిళా ఎమ్మెల్యే వచ్చిందని కొందరు సంబరపడ్డారు. సునీత గెలుపును తక్కువ చేయను. కానీ ఆలేరుకు అసలు తొలి ఎమ్మెల్యేనే ఆడమనిషి. ఆ మాట ఇంతకు ముందు రాసినవాళ్లలో ఎంతమంది గట్టిగా చెప్పారు?

కమలాదేవి 2001 జనవరి 1న కన్నుమూసింది. ఆ మూడు ఎన్నికల్లో ఆమె కోసం తిరిగినవాళ్ల ఇళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నాయి. అప్పటి కరపత్రం గానీ, ఫొటో గానీ మీ సందూకుల్లో ఉంటే పాతకాగితాల వాడికి వేయకండి. ఒక నకలు తీసి మంతపురి బడికి ఇవ్వండి.