విలన్ల మీద పిల్లలకు ఇంత ప్రేమ ఎందుకు?

మొన్న ఉగాది సంబరాలలో పిల్లల వేషధారణ పోటీ జరిగింది. ఒక చిన్ని కృష్ణుడు, ఇద్దరు వివేకానందులు, ఒక ఝాన్సీ రాణి రావడం మనకు మామూలే. ఈసారి వాళ్ళ వెనకాల ముఖానికి తెల్లరంగు, పెదవులకు ఎర్రరంగు, జుట్టుకు పచ్చరంగు పూసుకున్న జోకరు ఒకడు స్టేజి ఎక్కి విరగబడి నవ్వాడు. పిల్లలందరూ కేరింతలు కొట్టారు. పెద్దలు కొంచెం ఇబ్బందిగా చప్పట్లు కొట్టారు. దాచడం దేనికి, ఆ జోకరు మా అబ్బాయే. వాడికి ఎనిమిదేళ్ళు.

పులిహోర కోసం వరుసలో నిలబడి ఉండగా ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "డాక్టరు గారూ, మీరే చెప్పాలి. మా మనవడూ ఇంతే. బ్యాట్‌మాన్ అక్కర్లేదు, అతని శత్రువులే కావాలి. ఈ దేశపు నీళ్ళు తాగి పిల్లల బుద్ధులు చెడిపోతున్నాయంటారా?" అని అడిగారు. అప్పటికి ఏదో సర్ది చెప్పాను గాని, ఇంటికి వెళ్ళగానే నేను చేసిన పని ఏమిటంటే, ఆ రంగుల డబ్బా తీసి గరాజులో పై అరలో దాచేశాను. వాడు అడగలేదు, నేను చెప్పలేదు. మనసులో మాత్రం ముల్లు మిగిలిపోయింది. నేను మానసిక వైద్యుణ్ణి కాను, చరిత్రకారుణ్ణి అసలే కాను. అయినా ఆ పెద్దాయన ప్రశ్నకు ఈ దేశంలో పాత చరిత్రే ఉందని తెలిసి, వీలైనంత చదివి మీ ముందు పెడుతున్నాను.

ఈ భయానికి పెద్ద గొంతు ఇచ్చినవాడు మనలాగే వలస వచ్చిన డాక్టరు. ఆయన పేరు ఫ్రెడ్రిక్ వెర్తమ్. జర్మనీలో పుట్టి, 1922లో అమెరికా వచ్చిన మానసిక వైద్యుడు. చెడ్డవాడేమీ కాదు. 1946లో న్యూయార్కులోని హార్లెంలో ఒక చర్చి నేలమాళిగలో నల్లజాతి పేదల కోసం క్లినిక్ తెరిచాడు. ఫీజు పావు డాలరు. తెల్లపిల్లలను, నల్లపిల్లలను వేరువేరు బడులలో చదివించడం పిల్లల మనసులకు హాని అని కోర్టులో సాక్ష్యం చెప్పినవారిలో ఆయన ఒకడు. అంతటి మనిషి, తన దగ్గరకు వచ్చే పిల్లలందరూ కామిక్ పుస్తకాలు చదువుతున్నారని గమనించి, పిల్లలు నేరాలు నేర్చుకొనేది వాటి నుంచేనని నిర్ణయించుకున్నాడు. 1954లో "సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్" అనే పుస్తకం వ్రాశాడు. ఆ ఏప్రిల్‌లోనే సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. బ్యాట్‌మాన్, సూపర్‌మాన్ కూడా ఆయన దృష్టిలో దోషులే. ఆ ఏడాది చివరికల్లా ప్రచురణకర్తలు హడలిపోయి, తమకు తామే ఒక నియమావళి వ్రాసుకున్నారు. దుర్మార్గుడి మీద చదివేవాడికి సానుభూతి కలగరాదు, ప్రతి కథలోనూ మంచే గెలవాలి అన్నవి అందులోని కట్టుబాట్లు.

ఆ కట్టుబాట్లన్నీ అమలులో ఉన్న కాలంలోనే, 1966 జనవరి 12న, ఏ.బి.సి. టెలివిజన్‌లో "బ్యాట్‌మాన్" ధారావాహిక మొదలైంది. మా ఇంట్లో ఇప్పుడు చూస్తున్నది ఆ పాత ధారావాహికనే. బుధవారం కథ మొదలై నాయకుడు చావు అంచున ఉండగా ఆగేది. గురువారం ముగిసేది. ఆ తొలి ఏడాదే రెండు రోజుల భాగాలూ దేశంలో ఎక్కువమంది చూసిన మొదటి పది కార్యక్రమాలలో చేరాయి. 1968 మార్చి 14 వరకు మొత్తం 120 భాగాలు వచ్చాయి.

ఇందులో నాయకుడు ఎంత మంచివాడంటే, దొంగలను తరుముతూ కూడా కుర్రవాడైన రాబిన్‌కు సీటు బెల్టు పెట్టుకోమని చెప్పడం మరువడు. వెర్తమ్ గారు కూడా వంక పెట్టలేని నాయకుడు. మరి జనం ఎవరి కోసం చూశారు? ఆడమ్ వెస్ట్ కోసం చూసినవారు లేకపోలేదు. కాని పేర్ల పట్టికలో "స్పెషల్ గెస్ట్ విలన్" అని ప్రత్యేకంగా వేసేవారంటే, ఆ వారం ఆకర్షణ ఎవరో వేరే చెప్పనక్కరలేదు. విన్సెంట్ ప్రైస్, పియానో వాద్యకారుడు లిబరాచీ, పేరున్న దర్శకుడు ఆటో ప్రెమింజర్ వంటివారు వచ్చి విలన్ వేషం కట్టారు. జోకరు వేషం వేసిన సీజర్ రొమేరో తన మీసం తీయనని పట్టుబట్టడంతో, మీసం మీదే తెల్లరంగు పూశారు. పెంగ్విన్ పాత్రధారి బర్జెస్ మెరెడిత్ సిగరెట్లు మానేసి అప్పటికి చాలా ఏళ్ళయింది. పాత్ర కోసం మళ్ళీ పొగ పీల్చేసరికి గొంతు మండి దగ్గు వచ్చేది. దానిని కప్పిపుచ్చడానికి పక్షిలా కూత పెట్టాడు. దేశంలోని పిల్లలందరూ ఆ కూత నేర్చుకున్నారు. అభినయానికి ఎమ్మీ బహుమతి పరిశీలనకు వెళ్ళిన పేరు కూడా విలన్ రిడ్లర్ వేషం వేసిన ఫ్రాంక్ గోర్షిన్‌దే. నాయకుడి పేరు కాదు.

ఒక్క సంఘటన చెబుతాను. 1966 మార్చి 16న క్యాట్‌వుమన్ మొదటిసారిగా తెర మీదకు వచ్చింది. ఆ రాత్రే జెమిని 8 అంతరిక్ష నౌక అదుపు తప్పి గిరగిరా తిరగసాగింది. లోపల ఉన్నది నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్. ఆ వార్త చెప్పడానికి బ్యాట్‌మాన్ ప్రసారాన్ని మధ్యలో ఆపారు. మూడేళ్ళ తరువాత చంద్రుడి మీద కాలు పెట్టబోయే మనిషి ప్రాణాపాయంలో ఉంటే, కథ ఎందుకు ఆపారని ప్రేక్షకులు టెలివిజన్ వారికి టెలిఫోన్లు చేసి దెబ్బలాడారు! ఆ టెలిఫోన్లు చేసినవారు దుర్మార్గులని నేననుకోను. కథలో పడ్డ మనసుకు బయటి లోకం కాసేపు కనబడదు, అంతే.

ఇదేమీ అమెరికా నీళ్ళ మహిమ కాదు. మన ఊళ్ళు గుర్తు చేసుకోండి. 1951 నాటి "పాతాళభైరవి"లో తోటరాముడు కథానాయకుడే. అయినా మా తాతగారు ఆ సినిమా ఊసెత్తితే అనుకరించి చూపింది ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణే. కృష్ణుడిగా, రాముడిగా హారతులు అందుకున్న ఎన్.టి. రామారావు గారే "భూకైలాస్"లో, "సీతారామ కల్యాణం"లో రావణుడు. 1977 సంక్రాంతికి వచ్చిన "దాన వీర శూర కర్ణ"లో ఆయన కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ కూడా. జనం కంఠస్థం చేసింది ఎక్కువగా దుర్యోధనుడి మాటలనే. పెళ్ళి పందిళ్ళలో మైకు సెట్ల మీద అవే మోగేవి. ఆ మాటలు ఒప్పజెప్పిన కుర్రవాళ్ళు పెద్దవాళ్ళయి బ్యాంకు మేనేజర్లయ్యారు, మేష్టార్లయ్యారు. ఎవరూ నిండు సభలో ఎవరి చీరా లాగలేదు.

ఆలోచిస్తే కారణం అంత చిక్కుది కాదు. నాయకుడు నియమానికి కట్టుబడినవాడు. ఎవరైనా హాని చేస్తే తప్ప కదలడు. పథకం వేసేది, వేషం మార్చేది, గట్టిగా నవ్వేది, కోపగించేది అంతా విలనే. ఇంట్లోనూ బడిలోనూ రోజంతా కట్టుబాట్ల మధ్య ఉండే పిల్లవాడికి, ఆ అరగంటసేపు కట్టుబాటు లేనివాడు కనిపిస్తే ముచ్చటగానే ఉంటుంది. అయితే నాయకుణ్ణి వాళ్ళు మరిచిపోరు. ఆడమ్ వెస్ట్ 2017లో చనిపోయినప్పుడు లాస్ ఏంజిల్స్ నగర సభా భవనం గోడ మీద గబ్బిలం గుర్తును వెలిగించారు. వేలమంది చూడటానికి వచ్చారు. వారిలో చాలామంది చిన్నప్పుడు జోకరును చూసి నవ్వినవాళ్ళే అయి ఉండాలి.

అసలు ప్రమాదం ఎక్కడుందో క్యాట్‌వుమన్ కథే చెబుతుంది. 1967 డిసెంబరులో ఆ వేషం నల్లజాతి గాయని ఎర్తా కిట్‌కు వచ్చింది. ఆమె నటించిన చివరి భాగం 1968 జనవరి 4న ప్రసారమైంది. సరిగ్గా రెండు వారాలకు, జనవరి 18న, ఆమెను వైట్ హౌస్ విందుకు పిలిచారు. వీధులలో నేరాలు తగ్గించడం ఎలా అన్నది ఆ రోజు చర్చ. ఎర్తా కిట్ లేచి, కన్నబిడ్డలను వియత్నాం యుద్ధానికి పంపుతుంటే యువకులు తిరగబడరా అని అధ్యక్షుడి భార్య ముఖం మీదే అడిగింది. తెర మీద వజ్రాలు దొంగిలిస్తే మెచ్చుకున్న దేశం, విందులో నిజం మాట్లాడితే ఓర్చుకోలేకపోయింది. ఇక్కడ ఆమెకు పని దొరకడం గగనమైపోయింది. యూరప్‌లో పాడుకొని బతికింది. సి.ఐ.ఎ. ఆమె మీద దస్త్రం కట్టిందన్న సంగతి 1975లో బయటపడింది. తిరిగి బ్రాడ్వే నాటకరంగం మీద నిలబడేసరికి 1978 అయింది. పిల్లలు వేషాన్ని వేషంగానే చూశారు. మనిషిని విలన్‌గా మార్చింది పెద్దలే.

వెర్తమ్ గారి సంగతి కూడా పూర్తి చేయాలి. 1973లో ఆయన ఇంకొక పుస్తకం వ్రాశాడు. అభిమానులు తమ ఖర్చుతో సైక్లోస్టైల్ చేసి పంచుకొనే చిన్న పత్రికల గురించి, అంటే మన ఈ కాగితాల వంటి వాటి గురించి, మెచ్చుకుంటూ వ్రాశాడు. 1981లో మరణించాడు. ఆయన కాగితాలు 2010లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. వాటిని చదివిన కారల్ టిల్లీ అనే ఆచార్యురాలు 2012లో ఒక సంగతి బయటపెట్టారు. పిల్లలు ఆయనతో చెప్పిన మాటలను కొన్నిచోట్ల మార్చాడు, ఇద్దరి మాటలను ఒకరివిగా కలిపాడు, తన వాదనకు అడ్డొచ్చిన వివరాలను వదిలేశాడు. రోగి చెప్పింది వినకుండా ముందే రోగం పేరు వ్రాసుకోవడం మా వృత్తిలో ఘోరమైన తప్పు.

అది చదివాక నాకు గరాజులో డబ్బా గుర్తుకొచ్చింది. నేను చేసింది మాత్రం ఏమిటి? ఆ రాత్రి డబ్బా దింపి తెచ్చి, "జోకరంటే ఎందుకురా నీకంత ఇష్టం?" అని అడిగాను. వాడు కాసేపు ఆ మూత తిప్పుతూ కూర్చున్నాడు. "బళ్ళో నా పేరు పిలిస్తే అందరూ నవ్వుతారు నాన్నా. జోకరును చూసి ఎవరూ నవ్వరు. వాడే ముందు నవ్వుతాడు" అన్నాడు.

వాడి పేరు మా తాతగారిది. పెట్టినప్పుడు ఎంతో మురిసిపోయాను. బళ్ళో ఆ పేరు ఎలా పలుకుతున్నారో ఇన్నాళ్ళూ నేను అడగలేదు. మర్నాడు మా ఆవిడా నేనూ బడికి వెళ్ళి పంతులమ్మగారితో మాట్లాడాము. అది వేరే కథ.

పెద్దాయనగారూ, ఆలస్యమైనా ఇదే నా జవాబు. మీ మనవడి బుద్ధి చెడిపోలేదు. ఎవరంటే ఇష్టమో తెలుసుకొని ఊరుకోకండి, ఎందుకిష్టమో అడగండి. వచ్చే దీపావళికి మా వాడు రావణుడి వేషం వేస్తానంటున్నాడు. పది తలలూ అట్టలతో నేనే చేసిపెడతానని మాట ఇచ్చాను. ఎవరింట్లోనైనా పాత అట్టపెట్టెలుంటే పారేయకుండా ఉంచండి.