గోదావరిలో సుంకం లేని దారి: 1860 నాటి ఒప్పందం

కాళేశ్వరంలో సంగమ స్నానం చేసి వచ్చిన మన సభ్యులందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది. స్నానఘట్టం మీద నిలబడితే ఈ ఒడ్డు మనది, ఎదుట కనిపించే సిరొంచ మహారాష్ట్రది. అయితే సిరొంచ అంగట్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఒకే భాష, ఒకే నీరు ఉన్నచోట రెండు రాష్ట్రాల మధ్య హద్దు నది నడుమకు ఎలా వచ్చింది? దీనికి జవాబు పడవల రాకపోకల కోసం రాసుకున్న ఒక పాత ఒప్పందంలో ఉంది.

పూర్వం ఏ నదిలో సరుకు పోయినా ఒడ్డున ఉన్న ప్రతి దొర, ప్రతి జమీందారు తన రేవులో పడవను ఆపి సుంకం వసూలు చేసేవాడు. యూరపులో రైన్ నది మీద వర్తకులు ఈ బాధను వందల ఏండ్లు పడ్డారు. నెపోలియన్ యుద్ధాలు ముగిసిన పిమ్మట 1815లో వియన్నా మహాసభలో కూర్చున్న రాజ్యాలు ఒక సూత్రం అంగీకరించాయి. పలు రాజ్యాల గుండా పోయే నదిలో వర్తక నౌకల రాకపోకలు అందరికీ స్వేచ్ఛగా ఉండాలని, సుంకాలు ఒక పద్ధతి ప్రకారం ఉండాలని ఆ సూత్రం సారాంశం. 1856లో పారిస్ సంధి ఈ సూత్రాన్నే డాన్యూబ్ నదికి వర్తింపజేసింది.

ఆ తర్వాత నాలుగేండ్లకే ఈ మాట మన గోదావరికి వచ్చింది. 1854లో నాగపూరు రాజ్యాన్ని ఇంగ్లీషువారు తమలో కలుపుకున్నారు. నాగపూరు, బేరారు ప్రాంతాల్లో పత్తి విస్తారంగా పండుతుంది, కానీ దాన్ని సముద్రం చేర్చడానికి ఎడ్లబండ్లు తప్ప దారి లేదు. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ దొర, గోదావరిని, ప్రాణహితను పడవల దారిగా మారిస్తే పత్తి నేరుగా కాకినాడ రేవుకు దిగుతుందని వాదించాడు. అయితే ఆ దారి పొడుగునా కుడి ఒడ్డు నిజాం ఇలాకా. ఎడమ ఒడ్డున కూడా చాలా దూరం నిజాం తాలూకాలే ఉండేవి.

అందుచేత 1860 డిసెంబరు 26న నిజాం అఫ్జలుద్దౌలాతో ఇంగ్లీషు సర్కారు ఒక సంధి చేసుకుంది. అప్పటి దివాన్ మొదటి సాలార్‌జంగు. ఆ సంధి ప్రకారం సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలు, అనగా గోదావరి ఎడమ ఒడ్డు, ఇంగ్లీషువారి పరమయ్యాయి. బదులుగా నిజాముకు రాయచూరు దోఆబు, నల్దుర్గం తిరిగి వచ్చాయి, సురపురం దక్కింది, 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. బేరారు మాత్రం ఇంగ్లీషువారి చేతిలోనే ఉండిపోయింది.

మనకు కావలసిన షరతు ఇందులోనే ఉంది. గోదావరి, వైనగంగ నదులు రెండు సర్కార్ల నడుమ హద్దుగా ఉన్నంత మేర పడవల రాకపోకలు స్వేచ్ఛగా ఉండాలి. ఎగువకు గానీ దిగువకు గానీ పోయే సరుకు మీద రెండు సర్కార్లలో ఎవరూ, వారి ప్రజల్లో ఎవరూ సుంకం గానీ మరే పన్ను గానీ వసూలు చేయరాదు. (వైనగంగ వార్ధాతో కలిసి మన ఆదిలాబాదు సరిహద్దున ప్రాణహిత అనే పేరుతో వస్తుందని పాఠకులకు విదితమే.) కరోడ్‌గిరి నాకాల కాలంలో ఇది చిన్న మాట కాదు. రైన్ నది మీద కేవలం ప్రయాణం చేసినందుకు సుంకం విధించరాదని మాన్‌హైం ఒప్పందం 1868లో రాసింది. ఆ నియమం గోదావరి హద్దు మీద అంతకు ఎనిమిదేండ్ల ముందే కాగితం ఎక్కింది.

కాగితం మీద నది తెరుచుకున్నది గానీ బండలు తెరుచుకోలేదు. పడవలకు మూడుచోట్ల అడ్డు ఉండేది: దుమ్ముగూడెం, ఇంద్రావతి కలిసే తావు దగ్గరి ఇంచంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. ఆనకట్టలు, లాకులు, పక్క కాలువలు కట్టి ఈ మూడింటినీ దాటించాలని పని మొదలుపెట్టారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైనప్పుడు ఈ పనికి ఊపు వచ్చింది. కానీ 1865లో ఆ యుద్ధం ముగిసింది, 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరింది. వానలు తగ్గితే నీరు చాలని నదికన్నా ఏడాది పొడుగునా నడిచే రైలు వర్తకునికి నచ్చింది. 1871లో సర్కారు ఎగువ గోదావరి పనులు ఆపివేసింది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి గుర్తుగా మిగిలింది.

రైన్ నది మీద ఒప్పందం చేసుకున్నవారు తమ తమ గడ్డ మీద స్వతంత్రులు. ఇక్కడ ఒక పక్షం సైన్యం రెండవ పక్షం రాజధానిలోనే మకాం వేసి ఉంది. కనుక 'రెండు పక్షాలూ సుంకం వేయరాదు' అనే సమాన వాక్యం వెనుక సమానం కాని బేరం ఉంది. పడవలకు దారి అడిగినవారు ఒడ్డును కూడా తీసుకున్నారు. ఆ ఒడ్డు మీది జనాన్ని ఎవరూ అడిగిన దాఖలా లేదు.

పడవలు పోయాయి, గీత మాత్రం మిగిలింది. భద్రాచలం, రేకపల్లి 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వెళ్ళాయి. నూగూరు, ఆల్బాక, చర్ల 1909లో వాటి వెంట వచ్చాయి. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో ఆ డివిజను మళ్ళీ రెండు రాష్ట్రాల మధ్య చీలింది. సిరొంచ మాత్రం మధ్య పరగణాలలో ఉండిపోయి, 1960లో మహారాష్ట్రకు చెందింది. ఒక తరం తాతలు నిజాం ప్రజలు, వారి బిడ్డలు ఇంగ్లీషువారి ప్రజలు, మనుమలు వేరే రాష్ట్రం వారు. ఎవరూ ఇల్లు కదలలేదు!

ఈ కథ పాతదని కొట్టివేయరాదు. మేడిగడ్డ బ్యారేజీ కోసం 2016లో తెలంగాణ, మహారాష్ట్ర మళ్ళీ ఈ హద్దు మీదనే ఒప్పందం చేసుకున్నాయి. నీటి మట్టం 100 మీటర్లని రాసుకున్నాయి. అదే ఏడు వచ్చిన జాతీయ జలమార్గాల చట్టం, అంతకుముందు భద్రాచలం నుండి రాజమండ్రి దాకా ఉన్న గోదావరి జలమార్గాన్ని ఎగువకు నాసిక్ దాకా పొడిగించింది. అంటే నదిలో సరుకు నడపాలనే ఆలోచన మరోసారి కాగితం ఎక్కింది. ఇంచంపల్లి పేరు కూడా నీటి పథకాల చర్చలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

నది మీద రాసే ప్రతి ఒప్పందం పడవను గురించో, నీటి మట్టాన్ని గురించో మాట్లాడుతుంది. దాని ఫలితాన్ని తరతరాలు మోసేది మాత్రం ఒడ్డున ఉన్న ఊళ్ళు. కొండగట్టు అంజన్నను దర్శించుకొని, ధర్మపురి మీదుగా కాళేశ్వరం దాకా మనవళ్ళను, మనవరాళ్ళను వెంటబెట్టుకొని వెళ్ళే పెద్దలు, అవతలి ఒడ్డును చూపించి ఈ సంగతి చెప్పవలసిందిగా కోరుతున్నాను. పాఠ్యపుస్తకంలో లేకపోయినా ఇదీ మన జిల్లాల చరిత్రే.