పిన్నీసు, ఆడవాళ్ళ పెట్టె, బస్సు తిప్పమనే హక్కు

మా అమ్మాయి ఈ ఏడాది విశాఖ కాలేజీలో చేరింది. హాస్టల్ వద్దంది, రోజూ ఇంటి నుంచే వెళ్ళొస్తానంది. ఎలమంచిలి నుంచి అంటే పొద్దున్న ఆరున్నరకల్లా బస్టాండులో ఉండాలి. మొదటిరోజు దాని చున్నీ సర్దుతూ, పని అయిపోయాక కూడా ఇంకో పిన్నీసు తీసి బ్యాగు పట్టీకి తగిలించాను. "ఇదెందుకమ్మా?" అంది. "ఉండనీ, అవసరం పడుతుంది" అన్నాను. అది నా మొహంకేసి చూసి, "ఎవడైనా చెయ్యేస్తే గుచ్చడానికా?" అని సూటిగా అడిగేసింది. మన చిన్నప్పుడు ఇంత సూటిగా అడగడం మనకి చేతకాలేదు. అమ్మలూ చెప్పలేదు.

మా అమ్మ కూడా చెప్పలేదు. ఇచ్చిందంతే. ఆవిడ పుస్తెలతాడుకి ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతూ ఉండేవి. నేను డిగ్రీకి అనకాపల్లి వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు అందులోంచి ఒకటి తీసి, "ఇది చేతిలో పెట్టుకోవే, జనంలో పనికొస్తాది" అంది. దేనికి పనికొస్తుందో నాకు అర్థమైందని ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం పైట గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం.

1994లో ఒక సాయంత్రం అనకాపల్లి నుంచి వస్తుంటే వెనక సీటులోంచి ఒక చెయ్యి, సీటుకీ కిటికీకీ మధ్య సందులోంచి వచ్చింది. మొదట బస్సు కుదుపు అనుకున్నాను. రెండోసారి కుదుపు లేదు. పిన్నీసు నా గుప్పిట్లోనే ఉంది. నేను చేసిందల్లా లేచి నిలబడటం. కశింకోట దాటింది, బయ్యవరం దాటింది, నిలబడే ఉన్నాను. కండక్టరు వచ్చి, "సీటుంది కదమ్మా, దారికడ్డంగా ఎందుకు?" అన్నాడు. అతని తప్పేం లేదు, అతనికేం తెలుసు. వెనక సీటు ఆయన కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తున్నాడు. నేను దిగేసరికి పిన్నీసు నా అరచేతిలోనే గుచ్చుకుని ఉంది.

ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నతో మళ్ళీ లేచింది. దానికి సమాధానం చెప్పే ముందు మనకి ఇంతవరకూ ఎవరేం ఇచ్చారో తెలుసుకుందామని, మధ్యాహ్నాలు పనయ్యాక కూర్చుని చదివాను. చదివినకొద్దీ కొంత నవ్వొచ్చింది, కొంత ఒళ్ళు మండింది.

ముందు పిన్నీసు సంగతి. మనం వాడే ఈ పిన్నీసుకి 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అప్పు తీర్చడానికి ఆ హక్కుని నాలుగు వందల డాలర్లకి అమ్మేసుకున్నాడట. ఆయన కనిపెట్టింది గుచ్చుకోకుండా ఉండే సూది. దాన్ని గుచ్చడానికి వాడుకోవడం మనం కనిపెట్టాం.

మనమొక్కళ్ళమే కాదు. వందేళ్ళ కిందట పడమటి దేశాల ఆడవాళ్ళు పెద్ద పెద్ద టోపీలు జుట్టులో నిలబడటానికి జానెడు పొడవు పిన్నులు గుచ్చుకునేవారు. 1903లో కాన్సాస్ నుంచి న్యూయార్క్ చూడటానికొచ్చిన లియోటి బ్లేకర్ అనే అమ్మాయి గుర్రాల బండి ఎక్కింది. మన సిటీ బస్సు లాంటిదే అనుకోండి. పక్కన పెద్దమనిషి. బండి కుదిపినప్పుడల్లా ఇంకాస్త దగ్గరికి జరిగాడు, చివరికి నడుం వెనక చెయ్యి వేశాడు. ఆ అమ్మాయి టోపీలోంచి పిన్ను తీసి ఆ చేతిలో దించింది. అతను కేకేసి తర్వాతి స్టాపులో దిగిపోయాడు. పత్రికలు రాశాయి, చాలామంది మెచ్చుకున్నారు. (కుదుపుని అడ్డం పెట్టుకోవడం అక్కడా ఉందన్నమాట. ఊరూ దేశం మారినా వీళ్ళ పద్ధతి మారదు.)

తర్వాత జరిగింది చూడండి. 1910లో షికాగో నగర కౌన్సిలు కూర్చుని, టోపీ దాటి అర అంగుళం కన్నా ఎక్కువ బయటికొచ్చే పిన్ను పెట్టుకుంటే జరిమానా అని తీర్మానించింది. ట్రాముల్లో పక్కవాళ్ళ మొహాలకి పిన్నులు తగిలిన మాట నిజమే, ఏ పాపం ఎరగని వాళ్ళకీ తగిలాయి. కానీ చెయ్యి వేసినవాడి మాట వెనక్కి పోయి పిన్ను పొడవు మీద చర్చ మొదలైంది. ఆ సభలో ఒకావిడ లేచి, మా పిన్నులు తీసేయాలంటే ముందు మీ వీధులు భయం లేకుండా చేయండి అని అడిగిందట. తీర్మానం మాత్రం నెగ్గింది.

ఇక మన దగ్గరికి వద్దాం. మనకి మొట్టమొదట దొరికింది ఆడవాళ్ళ పెట్టె. 1890 రైల్వే చట్టంలో ఉంది. 1891 జనవరి 1 నుంచి ప్రతి పాసింజరు రైల్లోనూ, అందులో ఉన్న అన్నిటికన్నా కింది తరగతిలో కనీసం ఒక గది ఆడవాళ్ళకే కేటాయించాలి. రైలు యాభై మైళ్ళు దాటి వెళ్ళేదైతే ఆ గదికి మరుగుదొడ్డి కూడా ఉండాలి. మగవాడు తెలిసి ఎక్కితే వంద రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో వంద రూపాయలు! పైగా టికెట్టు డబ్బు పోతుంది, బయటికి నెట్టేయొచ్చు. మన ఊళ్ళ మీదుగా వెళ్ళే బెజవాడ - కటకం లైను 1893 నుంచి 1896 మధ్య తెరిచారు. అంటే ఎలమంచిలికి రైలొచ్చేసరికే ఆ చట్టం ఉంది. 'స్త్రీలకు మాత్రమే' అన్న ఆ మాట మన ముత్తవ్వలు కూడా చూసి ఉంటారు, చదవడం వచ్చినా రాకపోయినా.

కింది తరగతికి అని ప్రత్యేకంగా రాయడం నాకు నచ్చింది. డబ్బున్నవాళ్ళు గది మొత్తం తీసుకోగలరు. మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడకే ఇది కావాలి. 1989లో రైల్వే చట్టం కొత్తగా రాసినప్పుడు కూడా ఈ ఏర్పాటు ఉంచారు, జరిమానా అయిదు వందలు చేశారు. వందేళ్ళకి అయిదింతలు, బియ్యం ధరతో పోల్చుకోండి.

ఆ పెట్టె వల్ల మనకి ఎంత మేలు జరిగిందో నేనే సాక్షి. పాసింజర్లో తుని నుంచి కూరగాయల బుట్టలతో ఎక్కేవాళ్ళూ, నర్సింగపల్లిలో ఎక్కే పంతులమ్మలూ, చంకలో పిల్లలూ, అక్కడ కూర్చుంటే కాళ్ళు చాపుకునేదాన్ని. నా పిన్నీసు పైటకి తిరిగి వెళ్ళిపోయేది. అయినా ఒకటుంది. ఆ పెట్టె దిగిన మరుక్షణం, ప్లాట్‌ఫారం మీద, మెట్ల మీద, ఆటోలో ఏమిటి? చెయ్యి వేసేవాడిని ఏమీ అనకుండా మనల్ని తీసి పక్కన పెట్టడం అది. బస్సులో ముందు సీట్లు మనకి రాసి, వాటి దగ్గర స్త్రీలను గౌరవించడం మన సాంప్రదాయమని రాస్తారు కదా, ఆ రాతంటే నాకు ఎప్పుడూ చిరాకే. సాంప్రదాయమంటే ఇష్టమైతే పాటించేది. రైల్లో అది చట్టం, బస్సు గోడ మీద మాత్రం బతిమాలడం.

మరి చెయ్యి వేసినవాడి మీద చట్టం లేదా అంటే ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 354, 509 అని రెండు సెక్షన్లు. ఒకటి స్త్రీ మర్యాదకి భంగం కలిగించేలా బలప్రయోగం చేస్తే, రెండోది మాటతో, సైగతో అవమానిస్తే. మొదటిదానికి రెండేళ్ళ దాకా జైలు. కానీ వీటిని ఉపయోగించాలంటే ముందు అది నేరమని ఒప్పుకోవాలి కదా. మన పేపర్లు 'ఈవ్ టీజింగ్' అని రాశాయి, 'ఆకతాయిల అల్లరి' అని రాశాయి. అల్లరి అంటే మా అబ్బాయి చిన్నప్పుడు పిండి డబ్బా బోర్లించడం. ఒకే మాట రెండింటికీ వాడితే స్టేషన్లో ఎవరు రాసుకుంటారు?

'ఇంత చిన్నదానికి' అన్న మాట ఎంత దూరం వెళ్ళిందో చెప్తాను. 1988లో చండీగఢ్‌లో ఒక విందులో రూపన్ దేవల్ బజాజ్ అనే ఐఏఎస్ అధికారిణిని పంజాబ్ పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్ వెనక చరిచాడు. ఆవిడ కేసు పెట్టింది. హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. స్వల్ప విషయం అన్న వాదనని 1995లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, కేసు మళ్ళీ తెరిపించింది. 1996లో శిక్ష పడింది. అప్పీళ్ళన్నీ ముగిసేసరికి 2005. ఐఏఎస్ అధికారిణికే పదిహేడేళ్ళు. 1994లో చెరుకు తోటల పక్కన నిలబడ్డ డిగ్రీ పిల్ల ఎవరికి చెప్తుంది?

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న కేసు. 1999 జులైలో ఒక రాత్రి, తమిళనాడు తెన్‌కాశి బస్టాండులో, భర్తతో బస్సు కోసం నిలబడ్డ ఒకావిడతో ఒకడు తప్పుగా ప్రవర్తించాడు. వాడు పోలీసు శాఖ ఉద్యోగి. శాఖ విచారణ జరిపి ఉద్యోగంలోంచి తీసేసింది. క్రిమినల్ కోర్టులో మాత్రం సాక్ష్యం నిలబడలేదు, విడుదలయ్యాడు. అది చూపించి హైకోర్టు ఉద్యోగం తిరిగి ఇమ్మంది. సుప్రీంకోర్టు 2012 నవంబరు 30న ఆ తీర్పు కొట్టేసి, తీసేయడమే సరి అంది. అంతటితో ఊరుకోలేదు. దేశం మొత్తానికి కొన్ని ఆదేశాలిచ్చింది. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, సినిమా హాళ్ళ దగ్గర మామూలు బట్టల్లో ఆడ పోలీసుల్ని పెట్టమంది. కెమెరాలు పెట్టమంది. హెల్ప్‌లైన్ పెట్టమంది.

ఒకటి మాత్రం చదివి నేను లేచి కూర్చున్నాను. బస్సులో ఇలాంటిది జరిగితే, చేసింది ప్రయాణికుడైనా సరే, బస్సు సిబ్బందైనా సరే, ఆవిడ చెప్పిన వెంటనే డ్రైవరూ కండక్టరూ ఆ బస్సుని దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళి చెప్పాలి. అలా చెయ్యకపోతే బస్సు పర్మిట్టు రద్దు కావాలి. నూట ఇరవై ఏళ్ళుగా మనకి పెట్టె ఇచ్చారు, సీటు ఇచ్చారు, పిన్నీసు మనమే తెచ్చుకున్నాం. ఎప్పుడూ కదలాల్సింది మనమే. ఇక్కడ మొదటిసారి కదలాల్సింది బస్సు.

తీర్పు వచ్చిన పదహారో రోజు, డిసెంబరు 16. ఢిల్లీ బస్సు. ఆ సంగతి మళ్ళీ రాయలేను, మీ అందరికీ తెలుసు. ఆ తర్వాత జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదికిచ్చింది, 2013లో చట్టం మారింది. 354 కింద కనీసం ఏడాది, అయిదేళ్ళ దాకా జైలు అయింది. ఇష్టం లేకుండా తాకడానికి లైంగిక వేధింపు అని పేరు పెట్టారు, వెంటపడటం నేరమైంది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహితలో అవి 74, 75, 78, 79 సెక్షన్లు. ఇంకోటి, ఏ ఊరి పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త విధానంలో రాశారు. నడుస్తున్న బస్సులో కశింకోట దగ్గర జరిగిందా, అనకాపల్లి దగ్గర జరిగిందా అని వాదించుకోనక్కర్లేదు. ఫోనైతే 112, రైల్లో అయితే 139.

ఢిల్లీ గోలలో ఆ నవంబరు తీర్పు మరుగున పడిపోయింది. నేను అడిగిన పదిమందిలో ఒక్కరికీ బస్సు తిప్పమనొచ్చని తెలీదు. మా వీధి నుంచి అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళే అమ్మాయిలకి చెప్తే, "నిజమా పిన్నీ?" అని రెండుసార్లు అడిగారు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. 1994 సంగతి కూడా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు లేచి నిలబడ్డావు కదమ్మా, అప్పుడు పక్కన ఎవరున్నారు?" అంది. నా పక్క సీటులో ఒకావిడ ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఒళ్ళో బెల్లం దిమ్మె పెట్టుకుంది. నేను లేచాక ఆవిడ కూడా లేచి, నా వెనకే నిలబడింది, ఎలమంచిలి దాకా. దారి ఇవ్వట్లేదని అప్పుడు నేను మనసులో విసుక్కున్నాను.

మొన్న గాజువాక పనుండి బస్సెక్కాను. 2025 ఆగస్టు 15 నుంచి మనకి టికెట్టు ఉచితం కదా, బస్సంతా ఆడవాళ్ళే. కండక్టరు కూడా ఆడమనిషే, నా ఈడుదే. సున్నా టికెట్టు ఇస్తుంటే ఈ సంగతి అడిగాను. ఆవిడ మిషను ఆపి, "అలాగుందా? తిప్పితే మిగతావాళ్ళు నన్ను పీకేస్తారమ్మా, డ్యూటీకి టైమైపోతాదని" అంది. లంకెలపాలెం దగ్గర జనం దిగాక మళ్ళీ నా సీటు దగ్గరికి వచ్చింది. "ఆ తీర్పు తారీఖు ఏటన్నారు?" అంది. నేను చెప్తుంటే చెవి వెనకనించి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. 30-11-2012.