మెట్ట ఊరి పిల్లలకు సముద్రం దగ్గరైన కథ

సిద్దిపేట వైపు చిన్నకోడూరులో ఎండాకాలం సెలవులంటే చాలాకాలం అమ్మమ్మోళ్ల ఊరే. బడి మూసిన మరునాడే సంచి సర్దుకుని బస్సెక్కడం, మామిడితోటలో పగలంతా గడపడం, వ్యవసాయ బావిలో ఈత నేర్చుకోవడం, బడి తెరిచే ముందు ఎండకు నల్లబడి తిరిగి రావడం. ఇప్పుడు అవే ఇళ్లలో కొత్త మాట వినిపిస్తోంది. "ఈసారి పిల్లలకు సముద్రం చూపియ్యాలె." ఇక్కడి నుంచి సూర్యలంకకు వెళ్లినా, మంగినపూడికి వెళ్లినా రోడ్డు మీద మూడున్నర వందల కిలోమీటర్లకు తక్కువ కాదు. మొక్కు లేదు, పెళ్లి లేదు, చుట్టాలు లేరు. పిల్లలు ఆడుకోవడానికే అంత దూరం వెళ్లడమనే ఆలోచన ఈ మెట్ట నేలకు ఎలా చేరిందో చూస్తే, దాని వెనుక రెండున్నర శతాబ్దాలకు మించిన ప్రయాణం ఉంది.

సముద్రం మనవాళ్లకు కొత్త కాదు గానీ, దాని దగ్గరికి వెళ్లడానికి తిథి ఉండేది. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి తీరమంతా జనమే. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని నమ్మేవాళ్లు. మునగాలి, దండం పెట్టుకోవాలి, తడిబట్టలతో ఒడ్డుకు రావాలి. అక్కడ కూర్చుని ఇసుకతో ఆడుకోవడానికి ఎవరూ ప్రయాణం కట్టేవాళ్లు కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పెద్ద పరివారంతో మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్ మీదుగా కాశీకి వెళ్లి, పూరీ చూసుకుని తూర్పు తీరం వెంబడి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఎక్కడ దిగవచ్చు, దారి ఎలా ఉంది అన్నీ రాసిపెట్టిన మనిషి. తెలుగులో ప్రయాణానికి ముందస్తు ఏర్పాట్లంటే ఏమిటో తెలియాలంటే ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదవాల్సిందే. కానీ ఆ ప్రయాణం పుణ్యం కోసం.

సిద్దిపేట వైపు చంటిపిల్లలతో చేసే మొదటి ప్రయాణం పుట్టువెంట్రుకలకే. వేములవాడ రాజన్న దగ్గరికో, కొమురవెల్లి మల్లన్న దగ్గరికో, చేతిలో నాలుగు పైసలుంటే తిరుపతికో. వేములవాడ ధర్మగుండంలో స్నానం, కోడె మొక్కు, సత్రం వరండాలో చాపలు, సద్దిమూటలు. పిల్లవాడు ఏడిస్తే ఎవరెత్తుకోవాలి, రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి, పాలు ఎక్కడ కాచాలి అనే లెక్కలన్నీ మన ఆడవాళ్లు ఆ జాతరల్లోనే నేర్చారు. పిల్లలతో విహారయాత్రకు మన దగ్గర మూలం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

మరి సముద్రం ఒడ్డున ఊరికే గడపడం ఎవరు మొదలుపెట్టారు? డాక్టర్లు. రిచర్డ్ రస్సెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1750లో లాటిన్‌లో ఒక గ్రంథం వెలువరించాడు. సముద్రపు నీటిలో మునిగితే, ఆ నీళ్లు తాగితే కూడా, గ్రంథుల జబ్బులు నయమవుతాయని అందులో వాదించాడు. తర్వాత బ్రైటన్ అనే చేపలు పట్టేవాళ్ల ఊరికి మకాం మార్చి రోగులను అక్కడికే రప్పించుకున్నాడు. ఉన్నవాళ్లు చక్రాల గదుల్లో బట్టలు మార్చుకుని, మనుషులు పట్టుకుంటే చల్లటి నీళ్లలో మునిగేవాళ్లు. అది మందు, ఆట కాదు. 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు రైలు పడ్డాక కూలీనాలీ చేసుకునేవాళ్లూ పొద్దున వెళ్లి రాత్రికి రావడం మొదలైంది. 1871 చట్టంతో బ్రిటన్‌లో బ్యాంకు సెలవులు వచ్చాయి. 1936లో ఫ్రాన్స్ కార్మికులందరికీ ఏటా రెండు వారాలు జీతంతో కూడిన సెలవిచ్చింది. రోగి స్థానంలోకి పిల్లవాడు వచ్చాడు, మందు సీసా పోయి చిన్న బకెట్టు, పార వచ్చాయి.

ఆ గాలి మన తీరానికీ తాకింది. మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ 1880లలో తీరం వెంట నడకదారి వేయించి దానికి మెరీనా అని పేరు పెట్టాడు. విశాఖలో వాల్తేరు కొండల మీద దొరల బంగళాలు లేచాయి. నిజాం రాజ్యంలో మాత్రం చూద్దామన్నా తీరం లేదు. 1874లో సికింద్రాబాదు నుంచి వాడీకి, 1889 నాటికి కాజీపేట మీదుగా బెజవాడకు రైలు నడిచింది. 1900లో గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచారు. దారి పడింది సరే, దాని మీద సరదాగా వెళ్లే తీరిక ఎవరికుంది? మగ్గం ఆపితే కూలి రాదు. బీడీలు చుట్టే చెయ్యి ఆగినా అంతే.

తీరిక మొదట చేరింది ఉద్యోగులకు. 1956లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ ఇచ్చింది. ఎల్టీసీ అనే ఆ మూడక్షరాలే ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు మొదటి దూర ప్రయాణం చేయించాయి. 1974 ఫిబ్రవరిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చాక హైదరాబాదులో సాయంత్రం ఎక్కితే పొద్దునకల్లా వాల్తేరు. 1978లో వచ్చిన 'మరో చరిత్ర' విశాఖ, భీమిలి తీరాలను తెర నిండా చూపించింది. సముద్రం చూడని ఊళ్లకు సముద్రం మీద మనసు పుట్టించడంలో సినిమా చేసిన పని చిన్నది కాదు. ఇక మన వైపు కుటుంబాలకు తిరుపతి ఉండనే ఉంది. అంత దూరం వచ్చాం కదా, మద్రాసు కూడా చూపిద్దామని గుండు చేయించిన పిల్లలను మెరీనా ఇసుకలో దింపినవాళ్లు ఎందరో. మొక్కు తోక పట్టుకునే సముద్రం ఆటగా మారింది.

చిన్నకోడూరు మండలంలో 2020 ఏప్రిల్ 24న మరో సంగతి జరిగింది. చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌లోకి కాళేశ్వరం ప్రాజెక్టు నీళ్లు ఎత్తిపోశారు. మూడు టీఎంసీల జలాశయం. నడుమ రంగనాయకుల గుట్ట, చుట్టూ కంటికి ఆనినంత నీరు. బోరు ఎండిపోవడమే చూసిన పిల్లలు గాలికి అలలు లేచి కట్ట రాళ్లను కొట్టడం చూశారు. "సముద్రమంటే గిట్లనే ఉంటదా?" అని అడగడం అక్కడే మొదలైంది. అది దిగి ఆడుకునే నీరు కాదు. ఒడ్డు నుంచే లోతు, కాలు జారితే పట్టు దొరకదు. కట్ట మీద నిలబడి చూడాల్సిందే. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు రైలు మొదలైంది. అక్కడ బండి మారితే బాపట్ల దాకా పట్టాలే, బాపట్ల నుంచి ఆటో ఎక్కితే సూర్యలంక.

ఇన్ని సమకూరినా అసలు చిక్కు కాలం. మే నెలలో బడి సెలవులుంటాయి, యాసంగి వడ్లు అమ్ముడుపోయి చేతిలో డబ్బూ ఉంటుంది. కానీ కోస్తాలో ఆ నెల ఎండకు ఉక్క తోడవుతుంది. మూడేళ్ల పిల్లకు అది విహారం కాదు, శిక్ష. దసరా సెలవులు బాగుంటాయనుకుంటే అవి తుపాన్ల రోజులు. హుద్‌హుద్ విశాఖను 2014 అక్టోబరు 12న కొట్టింది. సంక్రాంతి గాలి హాయిగా ఉంటుంది, కాకపోతే నీళ్లొచ్చాక ఇక్కడ ఆ వారమే నాట్ల హడావిడి. నా మాట అడిగితే నాట్లు ముగిశాక ఫిబ్రవరిలో రెండో శనివారం, ఆదివారం కలిపి వెళ్లడం మేలు. సంక్రాంతి సకినాలు డబ్బాలో ఇంకా మిగిలే ఉంటాయి.

ఇంటి పెద్దామె మాత్రం అడ్డం పడుతుంది. "గంత దూరం పోరగాండ్లను ఏసుకొని ఎట్ల పోతరు బిడ్డా? నీళ్లు గుంజుకపోతే?" అంటుంది. ఆ భయాన్ని తీసిపారేయకూడదు. ఈతకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మన తీరం నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి. ఒడ్డుకు వచ్చిన నీరు ఒకచోట చేరి సన్నటి పాయగా లోపలికి పరుగెత్తుతుంది. పైనుంచి చూస్తే అక్కడ అలలు విరగవు, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్లు అక్కడే దిగుతారు. బావిలో ఈత వచ్చినవాళ్లు కూడా అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీది అలిసిపోతారు. ఎదురు తిరగకుండా తీరం వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. పిల్లల విషయంలో ఇంత చెప్పాల్సిన పనే రాకూడదు. చీలమండలు దాటి నీరు లేనిచోట, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే నిలబడాలి. ఒక్కో పిల్లకు ఒక్కో మనిషిని ముందే చెప్పి ఉంచాలి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడనట్టే. ఆ మనిషి చేతిలో సెల్‌ఫోన్ ఉండకూడదు.

చంటిపిల్లలు మొదటిసారి సముద్రాన్ని చూస్తే చాలామంది ఏడుస్తారు. అల వెనక్కి పోతూ పాదాల కింది ఇసుకను లాగేస్తుంటే నేలే కదులుతోందనుకుని నడుం చుట్టేసుకుంటారు. వాళ్లను నవ్వుతూ నీళ్లలోకి లాక్కెళ్లే మేనమామలను గట్టిగా ఆపాలి. దిగిన సాయంత్రం పొడి ఇసుకలో కూర్చోబెట్టి గవ్వలు ఏరుకోనివ్వాలి. మరునాడు పొద్దు పొడిచాక రెండు గంటలు, సాయంత్రం ఎండ తగ్గాక గంట చాలు. నడుమ అంతా నీడ, మజ్జిగ, నిద్ర. మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి చల్లగా తగిలి ఎండ తెలియనివ్వదు, రాత్రికి భుజాలు మండుతాయి. పొడుగు చేతుల చొక్కా, టోపీ, తాగడానికి మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, చెవులకు తువ్వాలు మరిచిపోవద్దు.

రెండు రాత్రులకు మించి పెట్టుకోనక్కరలేదు. పెద్దామెను ఇంటి దగ్గర వదిలి వెళ్లొద్దు. పిల్లల కోసం భయపడ్డ ఆ మనిషి కూడా సముద్రం చూసి ఉండదు. టికెట్లు తీసేటప్పుడు ఆమెకు కింది బెర్తు అడగాలి.