గని యజమాని నుండి నక్షత్ర చేప దాకా

దేవతలందరూ తలా ఒక ఆయుధమిచ్చి దుర్గను మహిషాసురుని మీదికి పంపిన కథ వింటూ పెరిగిన మనకు, వీరులందరూ ఏకమై లోకకంటకుణ్ణి మట్టుబెట్టే అమెరికా బొమ్మల కథలు వింతగా తోచవు. అయితే ఫలానావాడు లోకకంటకుడని తేల్చేది ఎవరు? ఆ కథల చరిత్రను అడగవలసిన ప్రశ్న ఇదే.

1938లో క్లీవ్‌లాండు యువకులు జెర్రీ సీగెల్, జో షూస్టర్‌ల సూపర్‌మాన్ అచ్చయినప్పుడు అతడు ఒంటరివాడు. ఆర్థిక మాంద్యంలో ఎదిగిన తరం వాళ్ళది. అందుకే అతని శత్రువులు నిత్యజీవితంలో కనిపించేవాళ్ళే. ఆయుధాల వ్యాపారిని యుద్ధరంగంలో నిలబెట్టి, వాడి సరుకు రుచి వాడికే చూపించాడు. భద్రత లేని గనిలోకి యజమాని తన విందు అతిథులతో సహా దిగితే, దారి కూల్చి, కూలీల బతుకు ఎలాంటిదో తెలియజెప్పాడు. మురికివాడలను నేలమట్టం చేసి, ప్రభుత్వం కొత్త ఇళ్ళు కట్టక తప్పని స్థితి కల్పించాడు. ఒక్కడే అంతా చక్కబెట్టడం పసితనపు ఊహే కావచ్చు. కాని వేలు చూపవలసిన చోటే చూపాడు.

వీరులు జట్టుకట్టింది 1940 చివర, జస్టిస్ సొసైటీ పేరుతో. మొదటి కథలో భోజనాల బల్ల చుట్టూ కూర్చుని గొప్పలు చెప్పుకున్నారు, రెండవదానికే ఎఫ్.బి.ఐ. పిలుపుమీద దేశంలోని విద్రోహుల వేటకు బయలుదేరారు. ఫాసిజం నిజంగా లోకకంటకమే. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, హిట్లరు దవడ పగలగొట్టే కెప్టెన్ అమెరికాను ముఖచిత్రంగా వేసిన జో సైమన్, జాక్ కర్బీల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కాని అప్పటినుంచి వీరులకు పని చెప్పే యజమాని ఏర్పడ్డాడు. (తర్వాత ఆ సంఘంలో చేరిన వండర్ ఉమన్‌కు దక్కింది కార్యదర్శి పని!)

1951లో ఆ సొసైటీ కథలు ఆగిపోయాయి. 1954లో ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న నియమావళి, పోలీసులూ న్యాయమూర్తులూ అధికారులూ గౌరవం కోల్పోయేలా చూపరాదని శాసించింది. ఇక మిగిలిన విలన్ ఎవడు? 1960లో జస్టిస్ లీగ్ తొలిసారి ఏకమైంది ఆకాశం నుంచి ఊడిపడిన ఒక రాక్షస నక్షత్ర చేప మీద! విమానం మోసుకుపోతున్న అణుబాంబు శక్తిని ఆ చేప పీల్చుకుంది. విమానంలో బాంబు ఎందుకుందన్నది కథకు పట్టలేదు. చివరికి దాన్ని లొంగదీసింది సున్నం. గని యజమాని జాడ లేదు.

ఆ యజమాని ప్రచురణాలయంలోనే ఉన్నాడు. సూపర్‌మాన్ హక్కులన్నీ 1938లో 130 డాలర్లకు చేతులు మారాయి. సృష్టికర్తలు కోర్టుకెక్కారు, పనులు పోగొట్టుకున్నారు. లోకాన్నంతా కాపాడే వీరుణ్ణి కన్నవాళ్ళకు, పత్రికల్లో గొడవ చెలరేగాక, 1975లో ఏడాదికి ఒక్కొక్కరికి 20,000 డాలర్ల పింఛనూ, బొమ్మ కింద తమ పేరూ దక్కాయి.