మనిషి, కుక్క రక్తాల్లో గడ్డలు కరిగించే ఎంజైములు: ఒక తులనాత్మక పరిశీలన

1933లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం టిల్లెట్, ఆర్.ఎల్. గార్నర్ స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు పెరిగిన ద్రవాన్ని మనిషి రక్తంలోని ఫైబ్రిన్ గడ్డతో కలిపి చూశారు. గడ్డ త్వరగా కరిగిపోయింది. కుందేలు ఫైబ్రిన్ మాత్రం కరగలేదు. ఆ ద్రవంలోని పదార్థమే తరవాత స్ట్రెప్టోకైనేజ్ మందయింది. ప్రాణిని బట్టి ఫలితం మారుతుందన్న సంగతి తొలి ప్రయోగంలోనే బయటపడింది. దానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం. మనిషి పక్కన కుక్కను నిలిపి చూస్తే ఆ లోటు స్పష్టమవుతుంది.

గడ్డకు పట్టునిచ్చేది ఫైబ్రిన్ పోగుల అల్లిక. దాన్ని తెంపే ఎంజైమ్ ఈ రెండు ప్రాణుల్లోనూ ప్లాస్మినే. అది కాలేయంలో ప్లాస్మినోజెన్ అనే నిద్రాణ రూపంలో తయారై రక్తంలో తిరుగుతుంది. మనిషి ప్లాస్మినోజెన్‌లో 791 ఆమైనో ఆమ్లాలుంటాయి. 561వ స్థానంలోని ఆర్జినిన్‌కూ 562వ స్థానంలోని వాలీన్‌కూ నడుమ బంధం తెగితే అది ప్లాస్మిన్ అవుతుంది. శరీరంలో ఆ బంధాన్ని తెంపేవి ముఖ్యంగా టీపీఏ (టిష్యూ ప్లాస్మినోజెన్ యాక్టివేటర్), యూరోకైనేజ్ అనే ఎంజైములు. వీటిలో టీపీఏ ఫైబ్రిన్‌ను అంటిపెట్టుకున్నాకే బాగా చురుకవుతుంది. గడ్డ దాటి రక్తంలోకి వచ్చిన ప్లాస్మిన్‌ను ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ వెంటనే పట్టేస్తుంది.

స్ట్రెప్టోకైనేజ్ పద్ధతి వేరు. అసలది ఎంజైమే కాదు; తనంతట తాను ఏ బంధాన్నీ తెంపలేదు. 414 ఆమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ ప్లాస్మినోజెన్‌తో ఒకటికొకటిగా జతకడుతుంది. బంధం తెగకుండానే ప్లాస్మినోజెన్ ఆకృతి మారి, చురుకైన స్థానం ఏర్పడుతుంది. ఆ జంట మిగిలిన ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. జాతిభేదం పుట్టేది ఇక్కడే, ఈ జత కుదరడంలోనే. మనిషి, పిల్లి ప్లాస్మినోజెన్‌లు తేలిగ్గా స్పందిస్తాయి. ఆవు, ఎలుకలవి దాదాపు స్పందించవు. కుక్కది మధ్యస్థం: మోతాదు ఎక్కువ కావాలి, పైగా జతలో ఉన్న స్ట్రెప్టోకైనేజ్ త్వరగా ముక్కలైపోతుంది. అదే కుక్క ప్లాస్మినోజెన్, స్టెఫైలోకాకస్ సూక్ష్మజీవులు తయారుచేసే స్టెఫైలోకైనేజ్‌కు చక్కగా స్పందిస్తుంది.

దీన్నిబట్టి కుక్క రక్తంలో గడ్డలు మెల్లగా కరుగుతాయనుకుంటే పొరపాటు. బయటి మందు లేనప్పుడు దాని సొంత వ్యవస్థ మనిషికంటే జోరుగా పనిచేస్తుంది. 1990ల తొలినాళ్ళలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఊపిరితిత్తుల్లో దీర్ఘకాలం నిలిచే గడ్డల నమూనా కోసం కుక్కలను ఎంచుకున్నారు. గడ్డలు నిలిస్తే కదా! వాటిని నిలపడానికి ప్లాస్మినోజెన్‌ను ఫైబ్రిన్‌కు అంటనివ్వని ట్రానెక్సామిక్ ఆమ్లం వాడవలసివచ్చింది. కుక్క ప్లేట్‌లెట్లలో యూరోకైనేజ్ సమృద్ధిగా ఉండడం ఈ జోరుకు ఒక కారణం. గ్రేహౌండ్ జాతిలో గడ్డలు కరిగే జోరు మరీ ఎక్కువని భావిస్తారు. ఆ జాతి కుక్కల్లో మామూలు శస్త్రచికిత్స జరిగిన ఒకటి రెండు రోజులకు రక్తస్రావం మొదలవడం పశువైద్యులకు తెలిసిన సమస్య. ఆ స్రావాన్ని ఆపడానికి కుక్కకు కావలసిన ట్రానెక్సామిక్ ఆమ్లం మోతాదు కూడా, శరీర బరువు లెక్కన, మనిషికంటే ఎక్కువే.

గుండె రక్తనాళంలోని గడ్డపై టీపీఏ ప్రభావాన్ని 1983లో కుక్కల్లోనే చూపారు; ఆ మందు మనిషికీ పనికొచ్చింది. ఆ విజయాన్ని చూసి మోతాదు కూడా అలాగే సరిపోతుందని ఎవరూ అనుకోకూడదు. గడ్డ కరిగించే మందును కుక్కలో పరీక్షించి ఫలితాలు ప్రకటించే పరిశోధకులు అదే మందును మనిషి ప్లాస్మాలోనూ, కుక్క ప్లాస్మాలోనూ పక్కపక్కన పరీక్షించి, ఆ రెండు అంకెలనూ వ్యాసంలో ఇవ్వాలి.